నీలం దిగిన గురువారం

గురువారం ఉదయం పది నలభైకి నా జుట్టు ఆకుపచ్చగా మారింది. చేసింది నేనే. సాక్షులు లేరు.

నేను మందుల షాపులో ఫార్మసిస్టుని. షాపు మా బాబాయిది. ఎదురుగా సెలూన్ ఉంది. అక్కడ జుట్టుకి రంగులు వేసే అమ్మాయి నాలుగు నెలలుగా మా దగ్గరే మందులు కొంటోంది. ఆ నాలుగు నెలల్లో ఒక్కసారైనా తలెత్తి నా ముఖం చూసినట్టు ఆధారాలు లేవు.

అందుకని ఆరు వారాల కిందట వెళ్ళి ఆమె కుర్చీలో కూర్చున్నాను. నీలం వెయ్యమన్నాను. నీలమే ఎందుకని అడిగింది. ఇష్టమన్నాను. అది అబద్ధం. అన్నిటికంటే ఎక్కువసేపు పట్టేది అదేనని గోడ మీద పట్టికలో ఉంది.

మూడున్నర గంటలు ఆమె నన్నే చూసింది, కనుబొమల పైభాగం మాత్రం. బ్లీచ్‌కి మాడు మండింది. మండుతోందా అని రెండుసార్లు అడిగితే రెండుసార్లూ లేదన్నాను. చివర్లో టీకి వస్తారా అన్నాను.

కస్టమర్లతో బయటికి వెళ్ళనని చెప్పింది. ఒకసారి వెళ్ళిందట. గొడవపడి మాటలు మానేశాక కూడా నెలకోసారి ఆ తలే కడగాల్సి వచ్చిందట.

ఆ రోజు పొద్దున దాకా నేను ఆమె కస్టమర్ని కాను.

తర్వాత నీలం వెలిసిపోయింది. మొన్న ఒక బామ్మగారు బీపీ మాత్రలు అందుకోకుండా నా తల వైపే చూస్తూ, ఇది ఏ మందు వల్ల వచ్చింది నాయనా అని అడిగారు. సోమవారం కల్లా మామూలు జుట్టుతో రాకపోతే వెనక గదిలో అట్టపెట్టెలు సర్దుకోవాలని బాబాయి చెప్పాడు.

సెలూన్‌కి వెళితే మళ్ళీ కస్టమర్నే. అందుకని బ్రౌన్ రంగు ప్యాకెట్ కొని బాత్రూంలో నేనే వేసుకున్నాను. ఫలితం మొదటి వాక్యంలో ఉంది.

పదకొండుంబావుకి సెలూన్‌లోకి వెళ్ళాను, హెల్మెట్‌తో. నాకు బండి లేదు. హెల్మెట్ పక్కింటి అన్నయ్యది. అది తీస్తే గాని పని మొదలవదని ఆమె అంది. తీశాను.

"డాక్టర్ చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇస్తారా మీరు?"

"ఇవ్వనండి."

"మరి మీ తలకి మీరే వైద్యం చేసుకున్నారేం?"

బ్లీచ్ చేసిన జుట్టులో ఎరుపు మిగలదని, ముందు ఎరుపు ఎక్కించి ఆ తర్వాతే బ్రౌన్ వేయాలని, లేకపోతే పాచి రంగు వస్తుందని ఆమె వివరించింది. ఎరుపు పూసింది. పావుగంటలో అద్దంలో నా తల నారింజ రంగుకి వచ్చింది. ఇంత దూరం వచ్చాక దాచుకోవడానికి నా దగ్గర పరువేమీ మిగల్లేదు.

నేరుగా ఇక్కడికి రాకుండా ఇంట్లో ఎందుకు వేసుకున్నారని అడిగింది.

"మీకు కస్టమర్‌గా ఉండటం మానేద్దామని."

"ఎందుకు?"

"కస్టమర్‌గా ఉంటే మీరు టీకి రారు కదండి."

బ్రష్ ఆగింది. నేను వెనక్కి తిరగబోయాను. తల కదపొద్దంది. తర్వాత ఆ ఎరుపు మీద బ్రౌన్ వేయడం మొదలుపెట్టింది.

రెండింటికి పని పూర్తయింది. కనుబొమలతో పోల్చి చూసి, ఇది నా సొంత జుట్టు రంగేనని చెప్పింది. నెల తర్వాత చివర్లు కత్తిరించాలట.

"దానికి మా అక్క కుర్చీలో కూర్చోండి. నా కుర్చీలోకి ఇంక రావద్దు."

అక్క అంటే పక్క కుర్చీ దగ్గరున్న సీనియర్. నాకు విషయం అర్థమైందనుకున్నాను. అలాగేనండి అని హెల్మెట్ తీసుకుని తలుపు దాకా నడిచాను.

"ఐదున్నరకి నా డ్యూటీ అయిపోతుంది" అంది వెనక నుంచి.

ఆ సమాచారం నాకెందుకో తెలియక మంచిదండి అన్నాను.

సీనియర్ కత్తెర కింద పెట్టింది. "ఏమ్మా, డాక్టర్ల చేతిరాత చదివి మనకి మందులిచ్చేది ఇతనేనా?"

ఆమె ఐదూ ముప్పైరెండుకి బయటికి వచ్చింది. నేను నాలుగున్నర నుంచి సెలూన్ మెట్ల మీదే ఉన్నాను. ఇద్దరం టీ కొట్టు వైపు నడిచాం.