మే నెలలో స్వెట్టర్

ఈరేష్ తన జీవితంలో మొదటి పెద్ద అబద్ధం ఇంగ్లీషులో ఆడాడు. తెలుగులో ఆడి ఉంటే నాలుక తడబడి అక్కడికక్కడే దొరికిపోయేవాడు. ఇంగ్లీషులో అందరూ తడబడతారు కనక ఎవరికీ అనుమానం రాలేదు.

ఆదోనిలో అతను లెక్కలు చెప్పే ప్రైవేటు బడికి అది ఆఖరి పనిదినం. పిల్లలు వెళ్ళిపోయారు. హెడ్మిస్ట్రెస్ స్టాఫ్ రూములో అందరి చేతుల్లో సమోసాలు పెట్టించి, ఒక్కొక్కరూ లేచి ఎండాకాలం సెలవుల్లో ఏం చేస్తారో, హాబీలేమిటో ఇంగ్లీషులో చెప్పాలంది. సమోసా కొరికాక చెప్పిన షరతు కాబట్టి ఎవరూ తప్పించుకోలేకపోయారు.

డ్రిల్లు సారు దినేష్ ముందుగా లేచి నల్లకళ్ళద్దాలు తలమీదికి తోసుకున్నాడు. "గోవా. ఫైవ్ డేస్. స్విమ్మింగ్ ఈజ్ మై హాబీ."

"సూపర్ సార్," అంది సుధారాణి.

ఆ మాట ఈరేష్ చెవిలో చీమలా దూరింది. సుధారాణి జనవరిలో చేరిన సైన్సు టీచరు. కౌతాళం నుంచి రోజూ బస్సులో వస్తుంది. నవ్వేటప్పుడు ముందు ఆమె కళ్ళు నవ్వుతాయి, పెదాలు తీరిగ్గా తర్వాత వచ్చి కలుస్తాయి. ఈ సంగతి ఈరేష్ మూడు నెలలుగా హాజరు పట్టీ చాటు నుంచి గమనిస్తున్నాడు. ఇప్పటిదాకా ఆమె అతన్ని చూసి 'సూపర్' అనలేదు. ఒకసారి 'సుద్దముక్క ఉందా సార్' అంది.

సుధారాణి వంతు వచ్చింది. "ఐ విల్ స్లీప్," అంది.

"తర్వాత?" అంది హెడ్మిస్ట్రెస్.

"లేచి మామిడిపండు తింటాను మేడమ్. మళ్ళా స్లీప్."

"మరి హాబీ?"

"అదే మేడమ్."

గది అంతా నవ్వింది. ఆ నవ్వులోనే ఈరేష్ లేచి నిలబడ్డాడు. నిజానికి అతని సెలవుల ప్రణాళిక ఒక్క ముక్కలో అయిపోయేది. ఎమ్మిగనూరులో వాళ్ళింట్లో గుంత మగ్గం ఉంది. తండ్రి శంకరన్నకు కుడి భుజం పట్టేసింది, నలభై రోజులు చెయ్యి ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఆ నలభై రోజులూ మగ్గం మీద ఈరేష్ కూర్చోవాలి. ఆ మాటే చెబుదామని నోరు తెరిచాడు. దినేష్ తలమీది కళ్ళద్దాలు తళుక్కుమన్నాయి.

"హిమాలయాస్," అన్నాడు ఈరేష్. "ట్రెక్కింగ్. ట్వెల్వ్ డేస్."

అతను అప్పటివరకూ ఎక్కిన శిఖరం బడి వెనక వాటర్ ట్యాంకు. అదీ సగం.

సుధారాణి కళ్ళు పెద్దవయ్యాయి. "మంచు కూడా ఉంటాదా సార్?"

"మోకాలి లోతు ఉంటాది మేడమ్."

"గ్రూపులో ఫోటోలు పెట్టండి సార్. మా అమ్మకు చూపిస్తా."

మే మొదటి వారంలో, మగ్గం మీంచి లేచిన మధ్యాహ్నం, ఈరేష్ నెట్లో ఒక మంచుకొండ వెతికి గ్రూపులో పెట్టాడు. రెండు నిమిషాల్లో సుధారాణి మెసేజి వచ్చింది. 'కొండ బాగుంది సార్. మీరు యాడ?' దాని కింద దినేష్ పళ్ళు బయటపెట్టి నవ్వే బొమ్మ పెట్టాడు.

ఆ రాత్రి లెక్కల సారు బుర్ర లెక్క కట్టింది. ఆదోని రణమండల కొండ మీద బోలెడు బండలున్నాయి. కింది నుంచి ఫోటో తీస్తే బండా ఆకాశమే కనిపిస్తాయి. మంచు లేకపోతే, ఇంకా పడలేదని చెప్పుకోవచ్చు. శనివారం, మంగళవారం కొండమీది గుడికి జనం వస్తారు కాబట్టి బుధవారం వెళ్ళాలి.

బుధవారం పొద్దున ట్రంకుపెట్టెలోంచి తండ్రి ఉన్ని స్వెట్టరూ మంకీ క్యాపూ తీస్తుంటే తల్లి తిమ్మక్క చూసింది.

"వాటిని యాడికి తీసకపోతాండావురా?"

"ఎండకు వేసుకొస్తానమ్మా," అన్నాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

పదకొండు గంటలకు కొండమీద బండలు పెనాల్లా కాలుతున్నాయి. ఈరేష్ స్వెట్టరు తొడిగాడు. క్యాపు పెట్టాడు. ఫోను ఒక రాయికి ఆనించి, టైమరు నొక్కి, ఎదురుబండ ఎక్కి దూరాన ఉన్న శిఖరాలను చూస్తున్నట్టు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. దూరాన జిన్నింగు మిల్లుల రేకుల కప్పులు కనబడుతున్నాయి. ఫోను అంకెలు లెక్కపెట్టింది. అంతలో వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి అతని క్యాపు లాగేసింది.

కోతి.

మంకీ క్యాపు మీద తనకే ఎక్కువ హక్కుందన్నట్టు అది క్యాపు తీసుకుని మెట్లవైపు గెంతింది. అది తండ్రి క్యాపు. పోయిందంటే ఇంట్లో జవాబు చెప్పుకోవాలి. ఈరేష్ స్వెట్టరుతోనే దాని వెంట పడ్డాడు.

జనం ఉండరని సుధారాణి తల్లి హులిగమ్మ కూడా మొక్కు తీర్చుకోవడానికి బుధవారమే ఎంచుకుంది. కూతురి చెయ్యి పట్టుకుని ఆయాసంగా మెట్లెక్కుతుంటే ముందు క్యాపుతో ఒక కోతి దిగివచ్చింది. దాని వెనక స్వెట్టరుతో ఒక మనిషి దిగివచ్చాడు.

"ఎవరే ఈ పిచ్చోడు?" అంది హులిగమ్మ.

సుధారాణి ఒక క్షణం పరకాయించి చూసింది. "మా లెక్కల సారమ్మా," అంది. "హిమాలయాల్లో ఉండారు."

ఈరేష్ ఆగిపోయాడు. ఏదైనా చెప్పాలనుకున్నాడు. కానీ ఎండ, ఉన్ని, సుధారాణి, మూడూ ఒకేసారి మీద పడేసరికి కళ్ళు చీకట్లు కమ్మి మెట్లమీద కూలబడ్డాడు.

తెలివి వచ్చేసరికి నుదుట తడిగుడ్డ ఉంది. హులిగమ్మ సీసాలోని మజ్జిగ గొంతులో పోస్తోంది. సుధారాణి చీర చెంగుతో విసురుతూ, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది.

"ఇంత ఎండలో ఉన్ని చొక్కా వేసుకున్నావంటే సలిజరమే గదా నాయనా?" అంది హులిగమ్మ.

ఈరేష్ సుధారాణి వైపు చూశాడు, తర్వాత స్వెట్టరు వైపు చూసుకున్నాడు. "ఔనమ్మా," అన్నాడు.

"మా తల్లే. మొక్కిచ్చి విభూతి తెస్తానుండు," అంటూ హులిగమ్మ పైకి వెళ్ళింది.

"మంచు మోకాలి లోతు ఉండాదా సార్?" అంది సుధారాణి మెల్లగా.

ఇక దాచి లాభం లేదు. మగ్గం సంగతి, భుజం సంగతి, ఫోటో సంగతి అన్నీ చెప్పేశాడు. ఆమె విని విని, ఆపుకోలేక మెట్టుమీద కూర్చుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత ఫోను తీసి గ్రూపులో రాసింది. 'ఈరేష్ సార్ ఫోన్ చేసినారు. ఆడ సిగ్నల్ లేదంట.'

"ఇంత సాయం చేసినందుకు మీ మగ్గం నాకు చూపించాల," అంది.

పదమూడు రోజులకు అమ్మకు చీర కొనాలనే వంకతో ఎమ్మిగనూరు వచ్చింది. తిమ్మక్క ఉగ్గాని, బజ్జీలు చేసిపెట్టింది. మగ్గం గుంతలోకి కాళ్ళు వేలాడేసుకుని ఈరేష్ నేస్తుంటే, ఆమె గట్టుమీద చెంపకు చెయ్యి ఆనించి చూస్తూ కూర్చుంది. అంచులో చిన్న చిన్న ముక్కోణాలు ఒకదాన్నొకటి తరుముతున్నట్టు పోతున్నాయి.

"ఆ అంచు వాడే కట్టినాడమ్మా, గళ్ళ కాగితం మీద లెక్కేసుకోని," అన్నాడు శంకరన్న మంచంమీంచి. "బడి ఎప్పుడు వదుల్తారా, ఎప్పుడు గుంతలోకి దిగుదామా అని ఉంటాది వీనికి. వేరే సరదా లేదు."

తిమ్మక్క ఆయన్ను ఏదో పనున్నట్టు వీధిలోకి పిలుచుకుపోయింది. ఆమెకు పనేమీ లేదు.

"దీన్ని చెప్పుకోడానికేమి సార్ ఆ పొద్దు?" అంది సుధారాణి.

"దినేష్ సార్ గోవా అంటే మీరు సూపర్ అన్నారు. మగ్గం అంటే ఏమంటారో అని."

"అంటే నన్ను అడక్కుండానే నా జవాబు గూడా మీరే రాసేసుకున్నారు. లెక్కల సార్లంతా ఇంతేనా?"

తనూ నేస్తానంది. అతను జరిగి చోటిచ్చాడు. ఆమె దారం కండె ఉన్న నాడె ఇటునుంచి అటు విసిరితే అది అటు పోకుండా కిందికి దూకింది. పదకొండు పోగులు తెగాయి. ఒక్కొక్కటే ముడి వేస్తుంటే ఇద్దరి వేళ్ళూ పడుగు దారాల్లో కలిసి చిక్కుపడ్డాయి. ఏ వేలు ఎవరిదో విడదీసుకోవడానికి అవసరమైనదానికంటే కాస్త ఎక్కువ సమయం పట్టింది.

"ఆదివారం నన్ను చూడ్డానికి వస్తాండారు సార్," అంది ఆమె పోగులవైపే చూస్తూ. "రాయచూరు సంబంధం."

పన్నెండో పోగు ఈరేష్ తెంపాడు.

"మా అమ్మ దగ్గర మీ మాట ఎత్తినాను," అంది మళ్ళీ.

"ఏమన్నారు?"

"మే నెలలో సలిజరం వచ్చేవానికి పిల్లనిచ్చి ఏం జేసుకుందామే అనింది."

ఈరేష్‌కు ఆ జవాబు చెవికెక్కలేదు. ఆమె ముందన్న మాట దగ్గరే ఆగిపోయాడు. "మీరు నా మాట ఎత్తినారా?"

"ఎత్తినా. ఇంక మోసేది మీ వంతు," అని చీర పొట్లం తీసుకుని లేచింది.

నాలుగు రోజులు ఈరేష్‌కు నిద్ర పట్టలేదు. జబ్బు లేదని చెప్పాలంటే అబద్ధమాడానని ఒప్పుకోవాలి. అబద్ధం దాచాలంటే జబ్బు మనిషిగా మిగలాలి. జబ్బు మనిషికి పిల్లనివ్వరు. అబద్ధాల మనిషికీ ఇవ్వరు. ఎటు నుంచి చేసినా లెక్క సున్నాకే వస్తోంది.

"రెండింట్లో ఏదైనా సెప్పు గానీ, ఆదివారం లోపల సెప్పు," అన్నాడు కొడుకు గోడంతా విన్న శంకరన్న.

శనివారం మధ్యాహ్నం కౌతాళంలో సుధారాణి ఇంటి గడప తొక్కాడు. కూతురు పక్కింట్లో ఉంది. తండ్రి ఉచ్చీరప్ప పొలం నుంచి వచ్చి, బనీనుతో సరిగ్గా ఫ్యాను కింద నడుం వాల్చి ఉన్నాడు. హులిగమ్మ అతన్ని చూడగానే గుర్తుపట్టి కంగారు పడింది.

"అయ్యో, ఈ పిల్లోడా. కూర్చో నాయనా. గాలి తగిలితే మళ్ళా సలి పుడతాది," అని ఫ్యాను ఆపేసింది. లోపలినుంచి దుప్పటి తెచ్చి భుజాల చుట్టూ కప్పింది. పొగలుకక్కే మిరియాల కషాయం చేతిలో పెట్టింది.

ఉచ్చీరప్ప లేచి కూర్చున్నాడు. ఆగిపోతున్న రెక్కలను చూశాడు, దుప్పట్లో ఉన్న మనిషిని చూశాడు. "ఎవరప్పా నువ్వు? యాలొచ్చినావు?"

ఈరేష్ కషాయం ఒక గుక్క తాగాడు. చెమట కంట్లోకి దిగింది. "నాకు జరం లేదండి," అన్నాడు. "ఆ పొద్దు గూడా లేదు. నేను అబద్ధం..."

"హౌదా? జరం లేదా?" అన్నాడు ఉచ్చీరప్ప. "హులిగీ, ముందు ఆ ఫ్యాను వెయ్యి. తర్వాత సెప్పుకోనీ ఏం సెప్పుకుంటాడో."

ఫ్యాను తిరిగింది. దుప్పటి జారింది. ఈరేష్ సమోసాల నుంచి మొదలుపెట్టి కోతి దాకా ఒక్కటీ దాచకుండా చెప్పాడు. చివరికి, "మీ అమ్మాయి సూపర్ అనాలనే ఇదంతా. నాకు హిమాలయాలు వద్దండి. ఆయమ్మ ఉంటే సాలు," అన్నాడు. ఎప్పుడు వచ్చిందో, సుధారాణి గడపలో నిలబడి వింటోంది.

ఉచ్చీరప్ప మీసం మీది చెమట తుడుచుకున్నాడు. "మీయమ్మను చూడ్డానికి పోయినప్పుడు ఐదెకరాలూ మాగాణి అని చెప్పినా," అన్నాడు కూతురితో. "మెట్టచేను అని పెండ్లైనాక తెలిసిందామెకు."

"పెండ్లికి ముందే తెలుసులే," అంది హులిగమ్మ. "మీ చేను చూసొచ్చి మా అన్న చెప్పినాడు."

ఉచ్చీరప్ప భార్య వైపు తిరిగాడు. ముప్పై ఏళ్ళుగా దాచుకున్న తప్పు ఒక్కసారిగా చేతిలోంచి జారిపోయినట్టు ఉంది ఆయనకు.

"మళ్ళెందుకు చేసుకున్నావు?"

"చెప్పేటప్పుడు నీ చెవులు ఎర్రగైనాయి. అబద్ధం అలవాటు లేదనుకున్యా."

ఆయన గొంతు సవరించుకుని కూతురి వైపు తిరిగాడు. "నువ్వేమంటావమ్మా?"

"ఈయప్పకు అబద్ధం ఆడేది చేతగాదు నాయనా," అంది సుధారాణి. "ఆడితే మూర్ఛపోతాడు. ఇట్లాంటోనితో బతికేది సులభం."

ఉచ్చీరప్ప చెయ్యి చాచి ఫోను అందుకున్నాడు. రాయచూరుకు కలిపి, రేపు రావద్దని మర్యాదగా చెప్పాడు. అవతలివాళ్ళు కారణం అడిగినట్టున్నారు. "పిల్ల ఒప్పుకోలేదప్పా," అని పెట్టేశాడు. తర్వాత ఈరేష్‌తో, "సోమవారం మీ అమ్మానాయన్ను పిలుచుకోని రా. భుజం నొప్పంటివి గదా, ఆయన్ను బస్సులో తేవద్దు, ఆటో పెట్టుకో," అన్నాడు.

బస్టాపు దాకా పంపి రమ్మని హులిగమ్మ కూతురికి గొడుగు ఇచ్చింది. అప్పటికే పడమటి మబ్బు ఊరిమీదికి వచ్చింది. సగం దారిలో చినుకులు మొదలై, రేకుల షెడ్డు చేరేసరికి వాన దంచికొట్టింది. ఒక్క గొడుగు కింద ఇద్దరు పట్టరు కాబట్టి ఇద్దరి బయటి భుజాలూ తడిశాయి.

"ఒక మాట చెప్పాల మేడమ్," అన్నాడు ఈరేష్.

"మేడమ్ అంటే విననంతే."

అతను రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. మూడోసారి "సుధా" అన్నాడు. అన్నాక చెప్పాలనుకున్నది మర్చిపోయాడు. ఆమెకూ అది అక్కరలేనట్టే ఉంది.

ఆదోని బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. కండక్టరు తల బయటపెట్టి, "ఎక్కుతారా, లేదా?" అని అడిగాడు.

"తర్వాత బస్సు ఎప్పుడుందన్నా?" అంది సుధారాణి.

"గంట పడతాది."

"సరే, పోనీ," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

బస్సు నీళ్ళు చిమ్ముకుంటూ వెళ్ళిపోయింది.