బాల్కనీలో బుడగలు

పొద్దున్నే కాఫీ కలిపి, కోడలు తన డబ్బా మూత తీసింది. ఈరోజు సంస్థ పెద్దల ముందు చూపించాల్సిన రేకులు అందులో ఉన్నాయి. నికెల్, ఇనుము కలిపి తనే తయారుచేసింది. నీళ్లలో ముంచి కరెంటు ఇస్తే చాలు, హైడ్రోజన్ బుడగలు ఎగదన్నుకొస్తాయి. ఖరీదైన ప్లాటినం చేసే పనిని ఈ చవక రేకు చేసేస్తుంటే ఎవరికి మాత్రం కన్ను కుట్టదు? తీరా చూస్తే రెండు రేకులు లేవు!

"అత్తయ్యా, ఈ డబ్బా ఎవరైనా తీశారా?"

"నాకెందుకమ్మా నీ రేకులు? మీ ఆయనే తీశాడు. ఇప్పుడు బాల్కనీలో తలుపేసుకుని కూర్చున్నాడు. పిలిస్తే ఉలిక్కిపడ్డాడు కూడాను."

మొగుడూ పెళ్లాలిద్దరిదీ ఒకటే ల్యాబ్. పోయినేడు ఆయన చేసిన రేకు నాలుగు రోజులకే పొడిపొడిగా రాలిపోయింది. అప్పట్నుంచీ మనిషి ముభావం. ఆమెని ఎవరైనా మెచ్చుకుంటే "చూద్దాం" అంటాడు. చూద్దామట! కట్టుకున్నవాడు అనాల్సిన మాటేనా అది? ఈమధ్య ఫోనొస్తే పక్కకి కూడా వెళ్తున్నాడు. తన రేకులు ఇంకెవరి చేతిలోనైనా పెట్టడానికి కాదు కదా?

విసురుగా తలుపు తోసింది. గాజు గ్లాసులో నీళ్లు, పక్కన కరెంటు పెట్టె, ఆయన చేతిలో తన రేకు.

"దొరికారు! ఎవరికి అమ్ముదామని?"

"నెమ్మదిగా మాట్లాడు. అమ్మ వింటుంది."

"విననివ్వండి. కొడుకు ఘనకార్యం ఆవిడకీ తెలియాలి!"

అత్తగారు అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది.

"పరీక్ష చేస్తున్నా, అంతే," అన్నాడాయన.

"ల్యాబ్‌లో చెయ్యలేరా? దొంగచాటుగా ఇంట్లోనా?"

"నీ పని జోలికి నన్ను రానివ్వొద్దని డైరెక్టర్‌గారికి చెప్పింది నువ్వేగా."

నిజమే, చెప్పింది. ఆయనకి తనమీద ఏడుపని కూడా చెప్పింది.

"సరే, ఇన్ని వారాలూ నీ రేకుకి ఎదురుగా, కరెంటు రెండో కొసకి ఏం పెట్టి పరీక్షించావ్?" అడిగాడు.

"ప్లాటినం తీగ. అందరూ పెట్టేదేగా!"

"కరెంటు పారేకొద్దీ ఆ తీగ కొంచెం కొంచెం కరుగుతుంది. కరిగింది ఎక్కడికి పోతుంది?"

పోయి తన రేకుమీదే కూర్చుంటుంది. ఆ సంగతి చదువుకునే రోజుల నుంచీ తెలుసు. తెలిసీ సంబరంలో పట్టించుకోలేదు.

"కుళ్లుతో అంటున్నారు," అంది, గొంతులో పస లేకుండా.

"అయితే నువ్వే చూడు."

ఈసారి ప్లాటినం తీగ లేదు, బొగ్గు కడ్డీ పెట్టాడు. వారాలపాటు వాడిన రేకుని ఆమే ముంచింది. బుడగలు గుప్పున లేచాయి. తర్వాత ఒక్కసారీ వాడని కొత్త రేకు ముంచింది. అక్కడో బుడగ, ఇక్కడో బుడగ. నీళ్లు మార్చింది, కరెంటు వైర్లు బిగించింది, మళ్లీ ముంచింది. అదే తంతు. ఇన్నాళ్లూ పని చేసింది తన చవక రేకు కాదు, దానికి అంటుకున్న ప్లాటినం.

ఆమె అక్కడే చతికిలబడి భోరుమంది.

"ఏం చేశావురా దాన్ని?" అత్తగారు కొడుకుమీద విరుచుకుపడింది.

"ఆయనేం చెయ్యలేదత్తయ్యా. ఆయన చూడకపోయుంటే ఇవాళ అందరిముందూ అబద్ధం చూపించేదాన్ని," అని మొగుడి వైపు తిరిగింది. "నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"నేనేమన్నా నీకు ఏడుపుగానే వినిపిస్తోంది. అందుకే పక్కకెళ్లి ఫోన్లో తెలిసినవాళ్లని అడిగి, తేల్చుకుని చెబుదామనుకున్నా. నా అనుమానం తప్పవ్వాలనే కోరుకున్నా, ఒట్టు."

ఆమె కళ్లు తుడుచుకుని డైరెక్టర్‌గారికి ఫోన్ చేసింది. "సర్, ఇవాళ్టి ప్రదర్శన ఆపేయండి. ఆ బుడగలు నా రేకువి కావు," అని జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఎవరమ్మా కనిపెట్టింది?"

"మా ఆయన."

"ఆయనకి నీమీద ఏడుపన్నావు కదమ్మా?"

ఆమె మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అదీ నేను చెప్పిందే సర్. అదీ తప్పే," అంది, ఆయన వింటుండగానే.