నలభై వేల కలలు

హోటల్ లాబీలో తూటా పేలేసరికి మధ్యాహ్నం మూడూ పది. లిఫ్ట్ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ డేగ ఒక్క ఉరుకున వెళ్ళి, ఒరిగిపోతున్న నెమలిని పట్టుకున్నాడు. విదేశీ ముఠాలో ఉంటూ వాళ్ళ రహస్యాలు ఇటు చేరవేసే డబుల్ ఏజెంట్ ఆమె. పచ్చటి పట్టు గౌను భుజం దగ్గర నల్లబడుతోంది.

"నాలుగింటికి... మంచినీళ్ళ పంపుహౌస్‌లో విషం కలుపుతారు. ఏ పంపుహౌసో మెసేజ్‌లో ఉంది. కోడ్‌వర్డ్... కల." అంటూనే స్పృహ తప్పింది.

ఆమెను ఆంబులెన్స్‌కి అప్పగించి కారెక్కాడు డేగ. ఊళ్ళో పంపుహౌస్‌లు పదకొండు. వాచీలోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. హెడ్‌క్వార్టర్స్‌లో డేటాబేస్ చూసేది అతని సొంత అక్కే.

"అక్కా, ముఠా దగ్గర పట్టుకున్న మెసేజ్‌లన్నిట్లో 'కల' అనే మాట వెతుకు!"

కీబోర్డు టకటకలాడింది. "నలభై వేలొచ్చాయిరా! కలప, కలత, కలవరం, సకలం... ఆ రెండక్షరాలు ఎక్కడున్నా లాక్కొచ్చేస్తోంది."

"అన్నీ చదివే టైం లేదే! విడిగా ఆ మాటే ఉన్నవి కావాలి."

"అటూ ఇటూ ఖాళీ పెట్టి చూస్తానుండు." కాసేపటికి ఆమె గొంతు నీరసించింది. "ఒక్కటీ రాలేదు."

మూడూ నలభై. నెమలి మోసం చేసిందా? ఇంట్లో పిల్లలిద్దరూ బడి నుంచి రాగానే గడగడా నీళ్ళు తాగే వేళ.

"ఏదో ఒకటి చెయ్యవే అక్కా!" డేగ ముక్కు చీదాడు.

"ఏడవకురా, తప్పు నాదే. మాట పక్కన ఖాళీయే ఉండాలని ఏముంది? కామా ఉండొచ్చు, చుక్క ఉండొచ్చు, లైనే అక్కడ మొదలవ్వచ్చు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని వెతికే సూత్రం ఒకటుంది, అది పెడతా. మాటకి అటో హద్దు, ఇటో హద్దు. అక్షరం అంటుకోకుంటే చాలు, పట్టేస్తుంది."

ఒక్కో క్షణం ఒక్కో యుగంలా గడిచింది. అంతలో కేక.

"ఒకే ఒక్కటి! 'కల: ఏడో నంబరు. మీటర్ రీడర్ వేషం.'"

కారు ఏడో పంపుహౌస్ గేటును గుద్దుకుంటూ దూసుకెళ్ళింది. నాలుగింటికి ఇంకా ఇరవై సెకన్లే. మీటర్ రీడర్ చొక్కా తొడుక్కున్నవాడు ట్యాంకు మూత ఎత్తి సీసా వంచుతున్నాడు. డేగ పెన్ను నొక్కాడు. మత్తుసూది వాడి మెడలో దిగబడింది. జారిన సీసా ట్యాంకు అంచు దాటేలోపు డేగ బోర్లా దూకి అరచేత్తో దాని మూతి మూసేశాడు. ఒక్క చుక్క కూడా లోపల పడలేదు.

నెమలి బతికింది. నాలుగో రోజు చీఫ్ రిపోర్టు తిరగేసి ముఖం చిట్లించాడు.

"వాడిన ఆయుధం అన్నచోట 'అక్క' అని రాశావేంటయ్యా? దానికి లైసెన్సుందా?"

"ఇవ్వకండి సార్," అన్నాడు డేగ, "ఇంట్లో బతకలేం."