మూడో గడి

పెసరట్టు తిరగేస్తూ కనకలక్ష్మి అడిగింది, "మొగిలి వాళ్ళమ్మకి ఎలా ఉందో కనుక్కున్నారా?"

పార్థసారథి పేపర్లోంచి తల ఎత్తలేదు. "ఏ మొగిలి?"

"మీ క్లాసు పిల్లాడేనండీ, రెండో సెక్షన్. వాళ్ళమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్. మొన్న రాశాడుగా."

"నూట ఇరవై మంది ఉన్నారు. ఎవరినని గుర్తుపెట్టుకోను?" అంటూ ఆయన అల్లం పచ్చడి దగ్గరికి లాక్కున్నాడు.

కనకలక్ష్మికి నూట ఇరవై మందీ గుర్తే. వాళ్ళలో ఒక్కరి మొహం కూడా ఆవిడ చూడలేదు, అది వేరే సంగతి.

పార్థసారథి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరరుగా రిటైరై, మూడేళ్ళుగా నల్లగండ్ల అవతల ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నాడు. ఇంజనీరింగ్ పిల్లలకి తెలుగులో రాయడం నేర్పే కోర్సు అది. పిల్లలు వారానికొక పేజీ రాసి యూనివర్సిటీ పోర్టల్లో పెడతారు. సారు చదివి, కింద నాలుగు మాటలు వ్యాఖ్య రాసి, మార్కు వేయాలి. మార్కు సారే వేసేవాడు. చదివి వ్యాఖ్య రాసేది మాత్రం ప్రగతి నగర్‌లో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక డైనింగ్ టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్ తెరిచే కనకలక్ష్మి. ఆ వ్యాఖ్య ఎంత పొడుగుందో చూసి ఆయన మార్కు వేసేవాడు.

ఇది ఈనాటి అలవాటు కాదు. కనకలక్ష్మి బీఏ స్పెషల్ తెలుగు చదివింది. ఎమ్మేలో సీటొచ్చిన నెలకే పెళ్ళి సంబంధం కూడా వచ్చింది, ఇంట్లో వాళ్ళు సంబంధం ఖాయం చేశారు. ఇరవై రెండేళ్ళ కిందట భర్తకి పచ్చకామెర్లు వస్తే, మంచం పక్కన పేరుకుపోయిన పేపర్లు ఆవిడే దిద్దింది. ఆయన లేచి తిరిగాక కూడా ఆ కట్టలు ఆవిడ దగ్గరే ఉండిపోయాయి. మొదట్లో కొన్నాళ్ళు ఆవిడ ఏం రాసిందో ఆయన చదివేవాడు, తర్వాత అదీ మానేశాడు. అడిగితే మాత్రం, "కనకం సాయం చేస్తుంటుంది" అనేవాడు, ఊరగాయ పెట్టడం గురించి చెప్పినంత తేలిగ్గా.

ఆవిడ రాసేది ఎప్పుడూ రెండు మూడు వాక్యాలే. చివర ఒక ప్రశ్న ఉండాల్సిందే. ఈ ఏడు మొదటి వారంలో సగం మంది పిల్లలు ఏఐతో రాయించుకొచ్చిన పేజీలు పెట్టారు. మొగిలి కూడా అంతే. 'అమ్మ' అనే శీర్షిక కింద త్యాగం, కరుణ, దైవం, అన్నీ వరసగా ఉన్నాయి. కనకలక్ష్మి అతన్ని తిట్టలేదు. "ఇది ఎవరి అమ్మకైనా సరిపోతుంది. మీ అమ్మ పొద్దున లేవగానే ఏం చేస్తుంది?" అని రాసింది.

మరుసటి వారం మొగిలి నాలుగు ముక్కలు పెట్టాడు. "అమ్మ లేవంగనే చెయ్యి చూసుకుంటది. డయాలసిస్ సూది గుచ్చే చెయ్యి. వాపు లేకుంటే ఛాయ్ పెడతది. వాపుంటే నన్ను పెట్టమంటది."

ఆవిడ ఆ నాలుగు ముక్కలూ మూడుసార్లు చదువుకుంది. "ఇప్పుడు మీ అమ్మ కనిపించింది. నువ్వు పెట్టిన ఛాయ్ తాగి ఏమంటుంది?" అని కింద రాసింది. అప్పటినుంచి ఆ పిల్లాడు ప్రతి వారం రాస్తూనే ఉన్నాడు.

పెసరట్లు తిన్న ఆ సోమవారమే డీన్ కిరణ్మయి పార్థసారథిని పిలిపించింది. ఆమె మర్యాదగానే మాట్లాడింది. పిల్లలు నింపిన అభిప్రాయ పత్రాల్లో ఇద్దరు ముగ్గురు, సారు క్లాసులో మాట్లాడే తీరుకీ పోర్టల్లో రాసే తీరుకీ పొంతన లేదని రాశారట. ఆ వ్యాఖ్యల్ని ఏఐ పరీక్షించే సాఫ్ట్‌వేర్‌లో పెడితే, నూటికి ఎనభై పాళ్ళు యంత్రం రాసిందేనని తేల్చిందట. "ఏఐ వాడటం తప్పు కాదు సార్. వాడామని చెబితే చాలు," అని ఆమె ఒక ఫారం పంపింది. దాంట్లో రెండే గడులు. 'వ్యాఖ్యలన్నీ నేనే రాశాను' అని ఒకటి, 'ఏఐ సహాయం తీసుకున్నాను' అని రెండోది.

సాయంత్రం ఆ ఫారం కూతురు రసజ్ఞకి చూపించాడు. రసజ్ఞ పనిచేసేది హైటెక్ సిటీలో, కాలేజీలకి ఇలాంటి పోర్టళ్ళు తయారుచేసే కంపెనీలోనే. ఈ పోర్టల్ కూడా వాళ్ళదే. కనకలక్ష్మి అప్పుడు కూరగాయలకి కిందికి వెళ్ళింది.

"రెండోది టిక్ పెట్టేయండి నాన్నా. ఇప్పుడు అందరూ పెడుతున్నారు," అంది రసజ్ఞ.

"మరి మీ అమ్మ..."

"అమ్మ పేరు ఎక్కడ పెడతారు? పిల్లల పేపర్లు బయటివాళ్ళకి ఇవ్వకూడదని రూలు. అది తెలిస్తే కాంట్రాక్టు పోతుంది. ఏఐ అంటే ఏ గొడవా లేదు."

పార్థసారథి టిక్ పెట్టి, కింద సంతకం చేసి పంపేశాడు. భార్యకి చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదాయనకి.

గురువారం మధ్యాహ్నం కనకలక్ష్మి మామూలుగానే ల్యాప్‌టాప్ తెరిచింది. తను రాసిన ప్రతి వ్యాఖ్య కిందా బూడిదరంగులో ఒక వరస కొత్తగా కనిపించింది. 'ఈ వ్యాఖ్య ఏఐ సహాయంతో తయారైంది.' ముందు ఏదో పొరపాటనుకుంది. వెనక్కి వెనక్కి వెళ్ళి చూసింది. మొదటి వారం నుంచీ, అందరి పేజీల కిందా అదే ఉంది. మొగిలి పేజీ తెరిస్తే, ఆవిడ చివర అడిగిన ప్రశ్నకి అతని జవాబు ఉంది.

"సార్, నేను మా అమ్మ ముచ్చట చెప్పుకున్నది మిషన్‌కా? అమ్మకు ఎట్లుందని అడిగింది మిషనా? ఇగ నేను రాయను. ఫెయిల్ చేసినా ఫికర్ లేదు."

పార్థసారథి ఇంటికొచ్చేసరికి టేబుల్ మీద కాఫీ లేదు. ఆయన కూర్చునే చోట ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. రసజ్ఞ అప్పటికే వచ్చి, బ్యాగు భుజం మీదినుంచి దించకుండా సోఫా అంచున కూర్చుని ఉంది.

"ఇది ఎవరు రాశారండీ?" అంది కనకలక్ష్మి, తెర మీది వ్యాఖ్య మీద వేలు పెట్టి.

ఆయన ఫారం సంగతి, గడుల సంగతి, రూలు సంగతి అన్నీ వివరించడం మొదలుపెట్టాడు. ఆవిడ మధ్యలో ఆపేసింది.

"అవన్నీ నేనడగలేదు. ఇది నేను రాశానా, మిషన్ రాసిందా?"

"నువ్వే రాశావు. కాదని ఎవరన్నారు?"

"మీరే అన్నారు. సంతకం పెట్టి మరీ."

రసజ్ఞ కల్పించుకుంది. తప్పు తనదేనని, అది ఉత్త టిక్ మార్కని, అమ్మని తక్కువ చేయాలని ఎవరూ అనుకోలేదని సర్దిచెప్పబోయింది. కనకలక్ష్మి కూతురి వైపు తిరిగింది. కోపంగా లేదు.

"ఇరవై రెండేళ్ళు మీ నాన్న పేరు మీద రాశానే. నా పేరు లేదని ఒక్కరోజు బాధపడలేదు. ఎవరి పేరైతేనేం, ఒక మనిషి తమ రాత చదివారని పిల్లలకి తెలిసింది కదా అనుకున్నాను. ఇవాళ మీరిద్దరూ కలిసి అసలెవరూ చదవలేదని చెప్పారు వాళ్ళకి."

పార్థసారథికి ఉక్రోషం వచ్చింది. తప్పు తెలిసినప్పుడు ఆయనకి ముందు వచ్చేది అదే.

"అయితే ఏం చేయమంటావు? నా భార్య చేత దిద్దిస్తున్నానని చెప్పి పరువు తీసుకుని ఇంట్లో కూర్చోనా?"

"నాకేం చెప్పక్కర్లేదు," అంది కనకలక్ష్మి. "ఆ పిల్లాడికి ఏం చెబుతారో చెప్పండి."

ఆ మాటన్నాక ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. వంట చేసింది, వడ్డించింది. ముగ్గురూ తిన్నారు. మరునాడు కూడా ఇంట్లో అవసరమైన మాటలే వినిపించాయి.

శనివారం పొద్దున్నే పార్థసారథి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ముందు మొగిలివే చదువుదామనుకున్నాడు. ఏడు వారాల పేజీలూ, వాటి కింద ఏడు వ్యాఖ్యలూ చదివాడు. ఆ తర్వాత జాబితాలో పక్కనున్న అమ్మాయి రాసినవి, వాటి తర్వాత ఇంకొకరివి. తనకి తెలియని మనుషులెందరో ఆ క్లాసులో ఉన్నారు. హాస్టల్ గదిలో ఏడ్చి మొహం కడుక్కుని క్లాసుకొచ్చే పిల్ల ఉంది. తండ్రి ఆటో నడుపుతాడని మూడు వారాలు దాచి నాలుగో వారం రాసిన కుర్రాడున్నాడు. తను రోజూ వాళ్ళ ముందు నిలబడి అలంకారాల గురించి గంట చెప్పి వచ్చేవాడు. వాళ్ళు మాత్రం తమ రాతల్లో కనకలక్ష్మితో మాట్లాడుకునేవాళ్ళు. ఆయనకి సిగ్గనిపించింది. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని డీన్‌కి ఉత్తరం రాశాడు. భార్య కాఫీ పెట్టి వెళ్ళబోతుంటే కాగితం ఆవిడ వైపు జరిపాడు. "ఒకసారి చూడు."

'వ్యాఖ్యల విషయమై ఇంట్లోవారి సహకారం స్వీకరించడం జరిగింది. అందుకు చింతిస్తున్నాను' అని ఉంది అందులో. కనకలక్ష్మి నిలబడే చదివింది. పక్కనున్న ఎర్ర పెన్ను తీసుకుని ఒక మాట కింద గీత గీసి, పక్కన రాసింది. "ఇంట్లోవారు అంటే ఎవరు? ఆ మనిషికి పేరు లేదా?"

పార్థసారథి ఆ ప్రశ్న చూస్తూ కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళుగా అందరి పిల్లలకీ పడిన గీత తనకి మొదటిసారి పడింది. కొత్త కాగితం తీసుకున్నాడు.

"ఈ వ్యాఖ్యలు ఏఐ రాయలేదు. నేనూ రాయలేదు. నా భార్య కనకలక్ష్మి రాసింది. ఇరవై రెండేళ్ళుగా నా పేరు మీద రాస్తోంది. నేను చదవను కూడా లేదు. మీ ఫారంలో దీనికి గడి లేదు, ఉన్నా నేను టిక్ పెట్టేవాణ్ణి కాదేమో. తప్పు నాది."

ఈసారి ఆవిడ ఎక్కడా గీత గీయలేదు.

సోమవారం కిరణ్మయి ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. రూలు రూలేనని, ఈ సెమిస్టరు తర్వాత కాంట్రాక్టు పొడిగించలేమని, మార్కులు వేరేవాళ్ళు మళ్ళీ వేస్తారని చెప్పింది. పార్థసారథి సరేనన్నాడు. ఆ బూడిదరంగు వరస తీయించమని మాత్రం అడిగాడు. అది ఒకసారి పడితే పోయే ఏర్పాటు పోర్టల్లో లేదట. రసజ్ఞ ఆఫీసులో నాలుగు రోజులు పోట్లాడి తీయించింది. ఎందుకింత పట్టుదల అని మేనేజరు అడిగితే, "అది మా అమ్మ రాసింది," అందట.

డీనే ఇంకో మాట కూడా అంది. "పిల్లలకి మీరే చెప్పండి సార్. వీలైతే మేడంని తీసుకురండి."

శుక్రవారం కనకలక్ష్మి చేనేత చీర కట్టుకుని, చేతిసంచీ రెండు చేతులతో పట్టుకుని ఆ క్లాసులో నిలబడింది. పార్థసారథి జరిగింది జరిగినట్టు చెప్పి పక్కకి తప్పుకున్నాడు. పిల్లలు గుసగుసలాడుకున్నారు. ఆవిడకి పాఠం చెప్పడం రాదు. తెలిసింది అడగడమే.

"వాళ్ళమ్మమ్మ కట్టిచ్చిన క్యారేజీ మెట్రోలో మర్చిపోయింది ఎవరమ్మా?"

మూడో వరసలో ఒక చెయ్యి మెల్లగా లేచింది. ఆవిడ ఒక్కొక్క సంగతీ అడుగుతూ పోయింది, ఒక్కొక్క చెయ్యీ లేచింది. ఇన్నాళ్ళూ రాతగా తెలిసిన పిల్లల్ని ఆవిడ ఆశగా చూసుకుంది. చివరికి అడిగింది, "మొగిలి ఎవరు నాన్నా?"

వెనక బెంచీలో పల్చటి కుర్రాడు లేచి నిలబడ్డాడు. తల వంచుకునే ఉన్నాడు.

"అమ్మకి ఎలా ఉంది?"

"మంచిగనే ఉంది మేడం." తల ఎత్తాడు. "గవన్నీ మీరే సదివిన్రా?"

"నేనే చదివాను. ఒక్కోటి రెండేసి సార్లు."

మొగిలి చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "ఛాయ్‌ల చక్కెర ఎక్కువైందని అంటదని రాసిన కదా మేడం. ఇప్పుడు సరిగ్గనే ఏస్తున్న."

కనకలక్ష్మి నవ్వబోయింది. నవ్వు రాలేదు, కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

ఆదివారం పొద్దున మొగిలి పేజీ మళ్ళీ పోర్టల్లో వచ్చింది. ఈసారి చదివింది పార్థసారథి. పైకి చదివాడు, కనకలక్ష్మి చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. మార్కులు ఇక ఆయన చేతిలో లేవు, వ్యాఖ్య రాయడానికి మాత్రం డీన్ ఒప్పుకుంది. ఆయనే టైపు చేసి, ల్యాప్‌టాప్ భార్య వైపు తిప్పాడు. బాగుందని, భాష సహజంగా ఉందని రాశాడు.

"ప్రశ్న లేదు," అంది ఆవిడ.

"ఏం అడగమంటావు?"

"నన్నడిగితే ఎలా? చదివింది మీరు. మీకేం తెలుసుకోవాలనిపించిందో అది అడగండి."

పార్థసారథి తెర వైపు చూశాడు. ఆ తర్వాత చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆ చేతుల వైపు చూశాడు. ఆయన అడిగింది మొగిలిని కాదు.

"కనకం, నువ్వెప్పుడైనా నీ కోసం ఏమన్నా రాసుకున్నావా?"

కనకలక్ష్మి చేతులు ఆగిపోయాయి. తలుపు దగ్గర రసజ్ఞ కూడా ఆగిపోయింది.

"లేదండీ," అంది ఆవిడ. కన్నీళ్ళు చిక్కుడుకాయల పళ్ళెంలో పడ్డాయి. "ఎవరూ అడగలేదు."

పార్థసారథి లేచి ఆ పళ్ళెం తన ముందుకి లాక్కున్నాడు. ఎర్ర పెన్ను లోపల పెట్టి, ఒక తెల్లకాగితం ఆవిడ ముందు పెట్టాడు. మిగిలిన కాయలు ఆయనే ఒలిచాడు.