పచ్చ అంటే ఏ పచ్చ?

“అయ్యయ్యో! ఎంత పని చేశావే సుధా!”

మంగళగిరిలో బంధువుల పెళ్ళి చూసుకుని ఆటో దిగి వచ్చిన మాణిక్యమ్మ గుమ్మంలోనే కూలబడిపోయింది. చేతిలోని సంచి జారి, పెళ్ళివారిచ్చిన లడ్డూలు హాలంతా దొర్లాయి. ఎదురుగా కోడలు సుధామణి! సగం గీకేసిన గోడ పక్కన, తలనిండా ఆకుపచ్చ దుమ్ముతో, చేతిలో గరుకు కాగితంతో బిక్కమొహం వేసుకుని నిలబడింది.

పాపం, తనేదో ఘనకార్యం చేస్తున్నాననుకుంది సుధామణి! కాపురానికి వచ్చిన నాటినుంచీ ఈ పటమట ఇంట్లో గిన్నెలు అత్తయ్య పెట్టిన చోటే ఉన్నాయి, మంచాలు మావయ్యగారు వేసిన మూలనే ఉన్నాయి. ఒక్క గోడైనా తన చేత్తో దిద్దుకోవాలని ఎంత ఆశో! ఫోనులో వీడియోలు చూసి గోడ నున్నబడేలా లప్పం పెట్టడం, రోలరు తిప్పడం నేర్చుకుంది. “పెయింటర్ని పిలుద్దాంలే” అని భర్త గంగాప్రసాద్ నవ్వితే “మన ఇంటికి మన చేతులు చాలవా?” అని మూతి ముడుచుకుంది. పెద్దవాళ్ళు పెళ్ళినుంచి వచ్చేసరికి పని ముగించి ఆశ్చర్యపరచాలనుకుంది. ఆశ్చర్యపోవడం మాత్రం బాగానే జరిగింది!

“అది మీ మావయ్యగారు చెయ్యి విరగ్గొట్టుకుని వేసిన రంగే! కొత్తకాపురంలో నాకోసం స్టూలెక్కి వేస్తూ కిందపడ్డారు… ఇప్పటికీ ఆ మణికట్టు సరిగ్గా తిరగదు! ఆ తర్వాత ఎన్నిసార్లు రంగులు వేయించినా ఆ ఆకుపచ్చ తప్ప ఇంకోటి రానిచ్చారా? ఆయన మొహం నేనెలా చూడను? మా ఉయ్యూరు పోయి తమ్ముడి దగ్గర ఉంటాను!” అంటూ మాణిక్యమ్మ లోపలి గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది.

ఆటోవాడికి డబ్బులిచ్చి వచ్చిన మావగారు వెంకటప్పయ్య గోడ చూసి కుర్చీలో జారగిలబడ్డాడు. సుధామణి వంటింట్లోకి పరుగెత్తింది. కాఫీ కలిపి తెచ్చి కళ్ళనీళ్ళతో నిలబడింది.

“క్షమించండి మావయ్యగారూ… మీకంత ఇష్టమైన రంగని ఆలోచించలేదు…”

“నాకా?” ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. “నాకిష్టమేంటమ్మా! ఆ గోడలు చూస్తే సర్కారు ఆఫీసులో కూర్చున్నట్టుంటుంది నాకు! మీ అత్తయ్యకి ప్రాణమని ఓర్చుకుంటున్నాను.” వంకర తిరిగిన మణికట్టు నిమురుకుంటూ గొంతు తగ్గించాడు. “కొత్తగా వచ్చినప్పుడు పుట్టింటి మీద బెంగతో అన్నం కూడా తినేది కాదు. ఒక్కటే అడిగింది… ‘గోడలు పచ్చగా ఉంటే ఎంత బాగుంటుందండీ’ అని. వేసి చూపిస్తే భోరున ఏడ్చేసిందమ్మా, సంతోషంతో!”

సుధామణికి ఏడుపు ఆగిపోయింది. పొద్దుటినుంచీ గీకుతోంది కదా, ఒక ఆకుపచ్చ కింద ఇంకో ఆకుపచ్చ, దాని కిందా ఆకుపచ్చే! ఇంతకీ ఈ రంగు ఎవరికిష్టం? అసలే ఆరా ఎక్కువ మనిషి, ఇక ఆగలేకపోయింది. వెళ్ళి అత్తగారి మంచం పక్కన కూర్చుంది.

“అత్తయ్యా… మీకు ఆకుపచ్చంటే ఇష్టమా?”

మాణిక్యమ్మ దుప్పటి తలమీదకి లాక్కుంది.

“పోనీ, పచ్చ అంటే?”

“పచ్చ అంటే పచ్చేనే! నా పెళ్ళినాటి పచ్చచీర చూడలేదూ? గడపకి రాసే పసుపు రంగు… మా పుట్టింటి గోడలన్నీ అదే! చూస్తుంటే అమ్మ ఒళ్ళో ఉన్నట్టుండేది…” అంటూ మాణిక్యమ్మ టక్కున నోరు మూసుకుంది.

సుధామణి నోరు తెరుచుకుని ఉండిపోయింది! పచ్చచీరా పచ్చే, పచ్చగడ్డీ పచ్చే! కొత్తకోడలు పసుపు అడిగింది… పొలాల మధ్య పెరిగిన మొగుడు పైరు రంగు తెచ్చాడు!

“మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం అత్తయ్యా?”

“చేతికి కట్టు కట్టుకుని, ‘నచ్చిందా మాణిక్యం?’ అని చిన్నపిల్లాడిలా అడిగిన మనిషికి ఏం చెప్పనే?” మాణిక్యమ్మ కోడలి చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. “నామీద ఒట్టు, ఆయనకి చెప్పకు! పడ్డ కష్టమంతా వృథా అనుకుంటే తట్టుకోలేరు…”

ఒట్టు పడ్డాక చెప్పడానికి లేదు. చెప్పకపోతే మళ్ళీ ఆ ఆకుపచ్చే వేసి, ఎవరికీ ఇష్టంలేని ఆ గోడల మధ్య వాళ్ళిద్దరూ ఒకరికోసం ఒకరు మిగిలిన జీవితమంతా ఓర్చుకోవాలి! సుధామణి గరుకు కాగితం వెతికి పక్కన పెట్టుకుంది. మర్నాడు మారుమాట్లాడకుండా మిగతా గోడంతా గీకి, లప్పం పెట్టి, ప్రైమరు వేసింది. ఆ మర్నాడు అది ఆరాక, తను ముచ్చటపడి కొనుక్కున్న లేత గోధుమరంగు డబ్బా మోసుకుని షాపుకి వెళ్ళింది. “మార్చివ్వండి” అంది. ఏ షేడు కావాలమ్మా అంటే పర్సులోంచి పసుపుకొమ్ము తీసి చూపించింది.

ఇంటికొచ్చి అత్తమామలిద్దర్నీ హాల్లోకి పిలిచి డబ్బా మూత తీసింది. మాణిక్యమ్మ ఊపిరి బిగపట్టింది.

“ఇదేంటమ్మా, పసుపు తెచ్చావు? మీ అత్తయ్యకి పచ్చ కదా కావల్సింది, పచ్చ…”

ఆ మాట ఆయన గొంతులోనే ఆగింది. డబ్బా వంక చూశాడు. పసుపు రాసిన గడప వంక చూశాడు. చివరికి భార్య వంక చూశాడు.

“మాణిక్యం… నువ్వడిగిన పచ్చ… ఇదా?”

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అవునని చెప్పలేక తల మాత్రం ఊపింది.

“ఆ రోజు ఏడ్చావు కదే! సంతోషమనుకున్నానే నేను!”

“మీ చెయ్యి చూసి ఏడ్చానండీ… రంగుకి కొంచెం, చేతికి చాలా…”

వెంకటప్పయ్య చొక్కా చేతులు పైకి మడిచాడు. తర్వాత లేచి రోలరు అందుకున్నాడు. “నువ్వూ రామ్మా సుధా! ఈ మణికట్టుతో పైకెత్తి రోలరు తిప్పలేను. కింద నాది, పైన నీది. ఇది నీ ఇల్లు కూడా కదా!” అన్నాడు. ఆ ఒక్క మాటకి సుధామణి కళ్ళు మసకబారాయి. తన గోధుమరంగు ఆమెకు మళ్ళీ గుర్తుకు రాలేదు.

సాయంత్రానికి గోడంతా పసుపైపోయింది. దాని ముందు నిలబడి మాణిక్యమ్మ వెక్కి వెక్కి ఏడవసాగింది. వెంకటప్పయ్య కంగారుగా రోలరు వదిలేశాడు.

“ఇప్పుడెందుకేడుస్తున్నావు? నోరు తెరిచి చెప్పు! మళ్ళీ ఇన్నేళ్ళు ఆగే ఓపిక నాకు లేదు!”

“సంతోషమేనండీ…” కళ్ళు తుడుచుకుని ఆవిడ గోడ వంక పరకాయించి చూసింది. “కాకపోతే, మీరు వేసిన ఆ కింద మూల కాస్త పలచగా పడింది. ఇంకో కోటింగ్ వెయ్యండి!”