ఎర్ర బొబ్బర్లు లేని ఆవిరి రొట్టె

రొట్టెల కొట్టు ముసలమ్మ రెండోసారి అడిగింది. "షూటింగ్ పూజకా, తద్దినానికా? సరిగ్గా చెప్పమ్మాయ్."

"పూజకే అవ్వా."

"మరి ఎర్ర బొబ్బర్లు వద్దంటావేం?"

"మా డైరెక్టరుగారికి పడవు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, తెల్లటి రొట్టెని అలాగే గుడ్డలో చుట్టి ఇచ్చింది. సియోల్‌లో చిన్నపిల్లని అడిగినా చెబుతుంది. కొత్త సినిమా మొదలుపెట్టేటప్పుడు పంది తల ముందు పెట్టే ఆవిరి రొట్టె మీద ఎర్ర బొబ్బర్లు దట్టంగా ఉండాలి. ఆ ఎరుపు చూస్తే చచ్చిపోయినవాళ్ళు దగ్గరికి రారు. అందుకే తద్దినం రోజున మాత్రం అవి వంటింట్లోకే తీసుకురారు. ఆ రోజు మన పెద్దలు రావాలి కదా.

నాకు మా నాన్న రావాలి.

ఒకప్పుడు మా నాన్న, డైరెక్టర్ ప్యో మున్‌సిక్, సినిమావాళ్ళుండే చుంగ్‌మురో వీధిలో నడుస్తుంటే కాఫీ హోటళ్ళలోంచి జనం లేచి వచ్చి పలకరించేవారు. తర్వాత ఆయన ఒక యుద్ధం సినిమా తీశారు. అందులో మన సైనికుడూ, ఉత్తర కొరియా సైనికుడూ ఒకే బంగాళాదుంపని పంచుకుని తింటారు. అంతే ఆయన చేసిన నేరం. ఆయన అసిస్టెంటు కూ బోన్‌హ్యోక్ వెళ్ళి పోలీసులకి, "మా గురువు కమ్యూనిస్టు, రహస్యంగా ఉత్తర కొరియా రేడియో వింటాడు" అని చెప్పొచ్చాడు. నల్లకారు వచ్చి నాన్నని తీసుకెళ్ళింది. తిరిగొచ్చాక ఆయన కుడిచేత్తో అన్నం గిన్నె పట్టుకోలేకపోయారు. ఆ చేతికి ఎప్పుడూ మందు పట్టీ ఉండేది.

ఆయన పేరు పత్రికల్లో రాయకూడదు, పోస్టరు మీద వేయకూడదు, నోటితో అనడానిక్కూడా జనం భయపడ్డారు. కథలు రాసి ఇస్తే వేరేవాళ్ళు తమ పేరు వేసుకునేవారు. కిందటి శరదృతువులో ఆయన పోతే చుంగ్‌మురో నుంచి ఒక్క పురుగు రాలేదు. ఆఖరి కథ మాత్రం కూ చేతికి చేరింది. దాన్ని తన పేరుతోనే తీస్తానని ప్రకటించాడు. నా కడుపు మండిపోయింది. అమ్మ ఇంటిపేరు చెప్పుకుని అతని యూనిట్లో బట్టలు చూసుకునే పనిలో చేరాను. నేను కోరింది ఒక్కటే. నలుగురి ముందు, ఆ కూ నోటి నుంచే, మా నాన్న పేరు బయటికి రావాలి.

పూజ ఉదయం పూటే పెట్టారు. రేకుల స్టూడియోలో ఫ్లోర్ మధ్య బల్ల, దాని మీద నవ్వుతున్న పంది తల, కొవ్వొత్తులు, కల్లు. బయట ఎండ బాగానే ఉంది కానీ లోపల సున్నమూ, తడి చెక్కా కలిసిన వాసన. సెన్సారు ఆఫీసరు ముందు కుర్చీలో కూర్చున్నాడు.

మేకప్ చూసే సమ్‌వల్ అక్క రొట్టె మీది గుడ్డ తీసి నా చెయ్యి గిల్లింది. "ఏమే ఇన్‌సుక్, బొబ్బర్లేవీ?"

"మర్చిపోయినట్టున్నారక్కా."

"మర్చిపోవడమేంటే! తలుపులు తీసిపెట్టి దొంగని రమ్మన్నట్టుంది."

అప్పటికే కూ కొత్త సూటులో బల్ల ముందుకొచ్చాడు. గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు.

"నింగిలో ఉన్న దేవతలారా, ఈ నేలని కాచే దేవతలారా, ఈ చిత్రాన్ని చల్లగా చూడండి. దీని దర్శకుడు…"

ఆగాడు.

"దర్శకుడు ప్యో మున్‌సిక్."

ఆఫీసరు కాలు మీది కాలు దించాడు. కూ పిచ్చినవ్వు నవ్వి, రుమాలుతో నోరు తుడుచుకున్నాడు.

"క్షమించాలి. దర్శకుడు… ప్యో మున్‌సిక్."

నా గుండె ఝల్లుమంది. భయంతో కాదు, సంతోషంతో. అప్పుడే వచ్చింది ఆ వాసన… నాన్న చేతి పట్టీ మందు వాసన. కొవ్వొత్తులు నీలంగా, కురచగా అయిపోయాయి. రేకుల కింద చలి పెరిగింది. అందరూ భుజాలు దగ్గరికి తీసుకున్నారు.

కెమెరా వెనక నుంచి ఒక గొంతు నెమ్మదిగా అంది.

"మళ్ళీ."

నాన్న గొంతే. షాటు నచ్చకపోతే ఆయన అలాగే అనేవారు. తల తిప్పింది నేనూ, కూ మాత్రమే. కెమెరా దగ్గర ఎవరూ లేరు.

కూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఎదురుగా ఎవరో కుర్చీలో ఉన్నట్టు చేతులు కట్టుకున్నాడు. "అయ్యా… మా గురువు రేడియో వినడం నేను చూడలేదు. కానీ విన్నాడని రాసుకోండి. ఆయన పోతే ఆ డైరెక్టరు కుర్చీ నాకొస్తుంది."

"మళ్ళీ."

"అయ్యా… మా గురువు…"

"ఇంకా నిజంగా. మళ్ళీ."

చెప్పాడు. ఏడుస్తూ చెప్పాడు. గొంతు పూడుకుపోయినా చెప్పాడు. పెదవి చిట్లి రక్తం చొక్కా మీదికి కారింది. అయినా ఆగలేదు. "ఆపండ్రా ఎవరైనా!" అని సమ్‌వల్ అక్క అరిచింది. ఇద్దరు లైట్‌మెన్ రెక్కలు పట్టుకుని లేపబోతే, ఆ బక్కమనిషిని నేల మీంచి ఎత్తలేకపోయారు. వాళ్ళ మధ్యలోంచి కూ నా వైపు చూశాడు. ఆపమన్నట్టు కళ్ళతోనే వేడుకున్నాడు.

నాకు జాలి వెయ్యలేదు. ఇంకోసారి చెప్పనీ అనుకున్నాను.

మధ్యాహ్నానికి అతన్ని ఆస్పత్రికి మోసుకెళ్ళారు. సినిమా ఆగిపోయింది. ఇప్పటికీ మంచం మీద అదే మాట చెబుతాడట. చెప్పి, కాసేపు చెవి ఒగ్గి వింటాడట. మళ్ళీ మొదలుపెడతాడట. చుంగ్‌మురో కాఫీ హోటళ్ళలో మాత్రం ఇప్పుడు నాన్న పేరు గుసగుసగా వినిపిస్తోంది. అనుకున్నది సాధించానని పొంగిపోయాను.

నాన్న మొదటి తద్దినం వచ్చింది. సాయంత్రం ఆయనకిష్టమైన చేప వేయించి, అన్నం గిన్నెలో చెంచా గుచ్చి, బల్ల ముందు సాగిలపడ్డాను. ఆయన రావడానికి వీలుగా గేటు తీయడానికి అమ్మ వెళ్ళింది. చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వచ్చారే మీ నాన్న" అంది గొంతు తగ్గించి. "గేటు దగ్గరే నిలబడ్డారు. ఎంత పిలిచినా లోపలికి రానంటున్నారు."

"ఎందుకమ్మా?"

అమ్మ నన్ను చూడటం లేదు. నా వెనక బల్ల వైపు చూస్తోంది.

"ఇంట్లో ఎవరో ఉన్నారట… ఆ పూజనాడు నీ వెంట వచ్చారట. ఆయన ఆ స్టూడియోకి రానేలేదట."

నా వెనక గిన్నెకి చెంచా తగిలిన చప్పుడైంది. ఆగి, మళ్ళీ తగిలింది. ఎవరో ఆవురావురుమంటూ తింటున్నారు.