చిల్లు రాళ్ల వరస

గుల్లల దిబ్బకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు వెళితే ఎవరో వల సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తుందంటారు. గుండె ధైర్యానికి పేరున్న ఐసు బండి ఆయన కూడా చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఇప్పటికీ తెచ్చుకోలేదు.

దిబ్బలో తవ్వకాలకి వచ్చిన పెంకుల మేడమ్ ఇవన్నీ విని నవ్వేది. పాత కుండపెంకు కనబడితే చంటిబిడ్డలా ఎత్తుకుంటుందని రేవులో ఆవిడకా పేరు పెట్టారు. దిబ్బ తవ్వీ తవ్వీ నడుం పడిపోయాక, చివరికి దొరికింది — వలకి బరువుగా కట్టే చిల్లు రాళ్ల వరస. వల ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. రాళ్లు మాత్రం వల పరిచిన తీరులోనే ఉన్నాయి. వందల ఏళ్ల కిందట ఇక్కడ జాలర్లు బతికారనడానికి అంతకు మించిన రుజువు లేదు. రేపు పొద్దున్నే తవ్వకాల శాఖ పెద్దసారు వస్తాడు. వరస నచ్చితే తవ్వకం సాగుతుంది, లేదంటే మూతే.

రాత్రి గాలి లేచింది. గోతి మీద కప్పిన పట్టా ఎగిరిపోతుందేమోనని ఆవిడకి నిద్ర పట్టలేదు. టార్చి తీసుకుని బయలుదేరింది.

టక్...

ఆగింది.

టక్... టక్...

గోతిలోంచే. కాళ్లు వెనక్కి పోదామన్నాయి. రాళ్లు గుర్తొచ్చి ముందుకే నడిచింది. గోతిలో ఒక ఆకారం గొంతుక్కూర్చుని ఉంది...

టార్చి వేసింది. కాపలా బాబాయి. జీవితమంతా వల లాగి, ఈ మధ్యే కాపలాకి కుదిరిన మనిషి.

"బాబాయ్... ఏం చేస్తున్నావు?"

"పెద్దసారు వస్తున్నారు కదమ్మా. ఇవి చూడండి, ఎలా పడితే అలా ఉన్నాయి. ఇంత ఎడం ఉంటే చేప నిలుస్తుందా? కాస్త దగ్గరకి జరుపుతున్నా. మన పరువు పోకూడదు."

మేడమ్‌కి ఏడుపొచ్చింది. నెత్తి కొట్టుకుందామంటే చేతిలో టార్చి ఉంది. "కదపొద్దని చెప్పానా లేదా? కొంప ముంచావు కదా."

బాబాయి నొచ్చుకున్నాడు. "ఈ చివర రెండు జరిపానంతే. ఆ చివర సగం ముందే సర్ది ఉంటే మీరే మొదలుపెట్టారనుకున్నా. ఎంత చేయి తిరిగిన పనో..."

టార్చి మెల్లగా అటు తిరిగింది. రాళ్లు తీర్చినట్టున్నాయి. మనిషి లేడు.

బాబాయి కళ్లు చిట్లించి, అలవాటు చొప్పున గొణిగాడు. "ఆ చివరిది ఇంకా ఎడంగానే ఉంది."

టక్... రాయి జరిగింది.

పొద్దుటికి వరస మొత్తం చక్కగా సర్దేసి ఉంది. పెద్దసారు మురిసిపోయి తవ్వకం సాగించమన్నాడు.

"ఎవరో గట్టి పనివాడైన జాలరే పేర్చాడమ్మా," అన్నాడు.

"అవును సార్," అంది మేడమ్. అందులో అబద్ధం లేదు.

వెళ్లబోతూ ఆయన ఆగి, దిబ్బ మీద మూడు జతల చెప్పులు ఎవరివని అడిగాడు.